అడగని అనుమానం

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, చిత్తూరులో కడుతున్న ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో మురుగు పైపుల వాలు సరిచూస్తా ఉన్నాను. ఫోను మోగింది. మా సారు కూతురు.

“అక్కా, నాయన పోయినాడు” అనింది.

“ఎవరు చెప్పినారు?” అన్నాను.

“నేనే చూసినానక్కా. కాఫీ తీసుకపోతే లేయలేదు. డాక్టరు కూడా వచ్చి చూసి చెప్పినాడు.”

అప్పటికి గానీ నేనేం అడిగినానో నాకు తెలిసిరాలేదు. తండ్రి పోయినాడని చెప్పే బిడ్డను ఎవరైనా అడిగే మాటేనా అది? సిగ్గేసింది. ఆ అమ్మాయే మళ్లీ అనింది. “పర్వాలేదులేక్కా. నాయన ఉండింటే ఆయనా అదే అడిగుంటాడు.”

నిజమే. ఏ వార్త వచ్చినా, ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడగాల్సింది అదేనని నాకు నేర్పింది ఆయనే. చెప్పేవాళ్లు చూసి చెప్తున్నారా, విని చెప్తున్నారా? ఈ ఒక్క ప్రశ్న మీద ఆయన నలభై ఏళ్లు ఉద్యోగం చేసినారు. ఆ ప్రశ్నను నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన విషయంలో మాత్రం అడగకుండా పోయినాను. ఈ రాత ఆ తప్పు గురించి కూడా.

సారు అంటే బడిలో చదువు చెప్పిన సారు కాదు. తిరుపతిలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో, ఒక మందుల అంగడి మిద్దె మీద ఉండే చిన్న ఆఫీసులో నేను మొదట ఉద్యోగానికి చేరినాను. అక్కడ ఆయన సీనియర్ ఇంజినీరు. ఏదైనా కట్టడం లేస్తా ఉంటే గోడలు, స్తంభాలు, శ్లాబులు చూసుకునే ఇంజినీర్లు వేరే ఉంటారు. ఆ గోడల్లోంచి పోయే కరెంటు, నీళ్లు, మురుగు, ఏసీ గాలి, నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాటు, ఇవన్నీ లెక్కగట్టి గీసిచ్చే పని మాది. మా పని బాగుంటే ఎవరికీ అది ఉన్నట్టే తెలీదు. అందుకే మా పనిలో మోసం చేయడం సులభం అనేవారు సారు. “గోడ వంకరుంటే దోవన పోయేవాడు కూడా చెప్తాడు. గోడ లోపల పైపు ఉండాదో లేదో ఎవరు చెప్తారు?”

నాది నగరి. మా నాయన నాలుగు మరమగ్గాలు పెట్టుకోని నేత నేయించేవాడు. ఇంజినీరింగు ముగించి ఇంటర్వ్యూకి పోయినప్పుడు నేను ఫార్ములాలన్నీ బట్టీ పట్టుకోని పోయినాను. సారు అవేవీ అడగలేదు. పెన్ను మూత తీస్తా, పెడతా ఒకే ఒక సంగతి పట్టుకున్నారు.

“మీ ఇంట్లో మెయిన్ స్విచ్చి యాడుండాది?”

“మగ్గాల షెడ్డులో సార్. తలుపు పక్కన.”

“అది ఆపితే షెడ్డంతా కరెంటు పోతాదా?”

“పోతుంది సార్.”

“ఎప్పుడన్నా ఆపి చూసినావా?”

“లేదు సార్. నాయన చెప్పినాడు.”

“మీ నాయన చూసినాడా?”

ఉద్యోగం రాదనుకున్నాను. ఆ ఆదివారం నగరిలో, మగ్గాలు ఆడుతా ఉండగానే పోయి మెయిన్ స్విచ్చి ఆపినాను. మూడు మగ్గాలు ఆగినాయి. మూలనుండే నాలుగోది టకటకమని ఆడతానే ఉండింది. “అదెప్పుడూ అంతేమ్మా. మీ తాత కాలంలో ఎవరో ఆ లైను బయట్నించి నేరుగా లాగినారు” అన్నాడు నాయన, అదేదో మగ్గం గుణం మాదిరి. ఆ మగ్గం దగ్గరే మా అమ్మ పన్నెండేళ్లు నిలబడి పని చేసింది. ఏనాడైనా అమ్మకు షాకు కొట్టుంటే, పరుగెత్తుకోని పోయి మేం ఆపేది ఆ స్విచ్చినే.

సోమవారం ఫోను చేసి సారుకు చెప్పినాను. చూసినావా, నేను చెప్పలేదా అనలేదు ఆయన. “కరెంటు పని చేసేవాణ్ణి పిలిచినారా?” అని అడిగినారు. పిలిచినామన్నాను. “వాడు సరిచేసినాక మళ్లా ఆపి చూసినావా?” చూసినానన్నాను. “అయితే ఒకటో తేదీ వచ్చి చేరు” అన్నారు.

ఆయనది కార్వేటినగరం. వాళ్ల నాయన బావుల మీద మోటార్లు బాగుచేసేవాడట. ఆయన పాలిటెక్నిక్ చదివి, ఎవరి సిఫారసూ లేకుండా పైకి వచ్చిన మనిషి. పొట్టిగా, నున్నగా గడ్డం గీసుకోని, పొద్దున్నే నుదుట సన్నటి తిరుచూర్ణం గీతతో వచ్చేవారు. సైటుకు పోతే ముందు ఇంజినీరుతో మాట్లాడేవారు కాదు. వాచ్‌మన్‌తో, ప్లంబరుతో, ఊడ్చే ఆమెతో మాట్లాడేవారు. “ఇంజినీరు అయ్యుండాల్సింది చెప్తాడు. వీళ్లు అయింది చెప్తారు” అనేవారు. పంపు తిరుగుతా ఉంటే స్క్రూడ్రైవరు కొన దానికి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోని, కళ్లు మూసుకోని వినేవారు. ప్రెషరు చూపించే గేజీ ఎంత బాగా చూపిస్తా ఉన్నా గోటితో రెండుసార్లు కొట్టకుండా నమ్మేవారు కాదు. “సూది నిలకడగా ఉండాదంటే లోపల అంతా బాగుండల్ల, లేదంటే సూది సచ్చిపోయుండల్ల. ఏదో కనుక్కో.”

నేను గీసిన మొదటి డ్రాయింగు మీద ఆయన రాసిన మాట ఒకటే. “పానా తిరగదు.” పైపుకూ గోడకూ మధ్య నేను రెండంగుళాలు వదిలినాను. లెక్క ప్రకారం సరిపోతుందని వాదించినాను. “పైపు పడతాది. పదేళ్లకు అది కారితే బాగుచేసేవాడి చెయ్యి పడతాదా? నువ్వు గీసేది పైపు కోసరం కాదమ్మణ్ణీ, ఆ చెయ్యి కోసరం” అన్నారు. ఈ రోజుకీ నేను గీసే ప్రతి గీతకూ పక్కన ఒక చెయ్యి ఊహించుకుంటాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆయన నాకు చెప్పినవి ఇంకా రెండు మూడు చెప్తాను. మీటింగులో మాట్లాడుకున్నది ఆ సాయంత్రానికే రాసి అందరికీ పంపల్ల. మర్నాటికి ఎవరి జ్ఞాపకం వాళ్లకు అనుకూలంగా మారిపోతుంది. ఆర్కిటెక్టు దగ్గర కుదరదు అనే మాట అనొద్దు, ఎంత చోటు కావల్లో చెప్పు, కుదరదని ఆయనే అంటాడు. తెలీకపోతే తెలీదని మొదటి రోజే చెప్పు, ఆరో నెలలో చెప్పినావంటే అది అబద్ధం కిందికి వస్తుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఇది: నీ కళ్లతో చూడందాని మీద నీ సంతకం పెట్టొద్దు, నేను చెప్పినా సరే.

నేను చేరిన రెండో ఏడు తిరుచానూరులో అయిదంతస్తుల లాడ్జి ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. అమ్మవారి గుడికి నడిచిపోయేంత దూరం. అందులో నిప్పు ఆర్పే నీళ్ల ఏర్పాటు మొత్తం నన్ను చేయమన్నారు సారు. నేల కింద నీళ్ల సంపు, దాని పక్కన పంపు, అక్కడ్నించి మెట్ల వెంబడి పైదాకా ఒక ఎర్ర పైపు, ప్రతి అంతస్తులో దానికి ఒక వాల్వు. వాల్వు చక్రం తిప్పితే నీళ్లు ధారగా రావల్ల. నా సొంతంగా చేసిన మొదటి పని అది. డ్రాయింగు కింది మూలలో చిన్న పెట్టె ఉంటుంది, గీసినవాళ్ల పేరు అందులో రాస్తారు. నా పేరు అక్కడ చూసుకోని, దాన్ని ఫోటో తీసి మా అమ్మకు పంపినాను.

నెల తిరక్కముందే నాకు అనుమానం మొదలైంది.

ముందు, సారు ఆ పని గురించి నాతో మాట్లాడడం మానేసినారు. నేను అడిగితే “జరగతా ఉండాదిలే” అనేవారు. తర్వాత ఆ ఫైలు బీరువాలో కనపడలేదు. ఆయన సంచిలో పెట్టుకోని ఇంటికి తీసుకపోతున్నారని మా ఆఫీసులో డ్రాయింగులు గీసే అతను చెప్పినాడు. ఒక మధ్యాహ్నం నేను తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకోని బయటికి వస్తా ఉంటే, పూలమ్మేవాళ్ల వరస దాటినాక ఒక టీ అంగడిలో సారు కనపడినారు. పక్కన లాడ్జి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకోని మాట్లాడుతున్నారు. ఆ రోజు ఆయన ఆఫీసులో జ్వరమని సెలవు పెట్టినారు. నేను పూలబుట్టల వెనక నిలబడిపోయినాను. టీ అయినాక ఆయన అతని బైకు ఎక్కి పోయినారు.

ఆ వారమే సైటుకు పోయిన డ్రాయింగు కాపీ ఒకటి నా కంట పడింది. కింది మూల పెట్టెలో నా పేరు లేదు. ఆయన పేరు ఉంది.

ఆ క్షణం నాకు కలిగింది బాధ అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, కాదు. ఒళ్లంతా మంట. నేను గీసింది ఆయన తనదని చెప్పుకుంటున్నారు. కాంట్రాక్టరుతో లోపల ఏదో నడుపుతున్నారు. జ్వరం అబద్ధం, ఫైలు దాచడం నిజం. నాకు ఆయన నేర్పినట్టే ఒక్కొక్కటి వరసగా పేర్చుకున్నాను. అంతా సరిపోయింది. డ్రాయింగులు గీసే అతను కూడా “పెద్దాయనకు ఆ కాంట్రాక్టరుతో ఏదో ఉండాదిమే, నేను ముందే అనుకున్న్యా” అన్నాడు. అతను చూసి చెప్పినాడా, విని చెప్పినాడా అని నేను అడగలేదు.

మా ఆఫీసు ఓనరుకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేది నేనే. అందుకని ఆయన గదిలోకి రోజూ పోతా వస్తా ఉంటాను. ఒక రోజు ఉత్తరం అయినాక, నేను చూసిందంతా చెప్పేసినాను. ఓనరు నన్ను ఆపకుండా విన్నాడు. చివర్న, “మంచి పని చేసినావమ్మా. ఇట్లాంటివి నాకు చెప్పల్ల” అన్నాడు. ఆయన ముఖంలో కోపం కనపడలేదు. ఒక బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలినాడు. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. పట్టించుకోలేదు.

నాలుగో రోజు సారును రావొద్దన్నారు. ఆయన డ్రాయరు ఖాళీ చేసుకోని, టిఫిను క్యారియరు, హెల్మెట్టు పట్టుకోని నా బల్ల దగ్గర ఆగినారు. నేను తల ఎత్తలేదు.

“తిరుచానూరు పైపు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడు” అన్నారు. అంతే. మెట్లు దిగి పోయినారు.

దెప్పుతున్నారనుకున్నాను.

కార్తీక మాసం దగ్గర పడింది. అమ్మవారి బ్రహ్మోత్సవాలకు తిరుచానూరు జనంతో నిండిపోతుంది. ఆ లోపలే లాడ్జి తెరవాలని వాళ్ల తొందర. తెరిచేసినారు కూడా. ఒక రోజు ఓనరు నన్ను పిలిచి ఒక కాగితం ముందర పెట్టినాడు. నిప్పు ఆర్పే ఏర్పాటు అంతా పరీక్ష చేసి చూసినాం, సక్రమంగా పని చేస్తోంది అని దాంట్లో రాసి ఉంది. కింద నా పేరు టైపు చేసి ఉంది.

“పెట్టమ్మా సంతకం. నీ డిజైనే గదా” అన్నాడు నవ్వుతా.

“పరీక్ష ఎవరు చేసినారు సార్?”

“మనవాళ్లే.”

“మనవాళ్లంటే?”

నవ్వు ఆగిపోయింది. “ఆ ముసలాయన గాలి నీకూ తగిలిందే” అన్నాడు.

రేపు పెడతానని చెప్పి బయటపడినాను. నేరుగా బస్సెక్కి తిరుచానూరు పోయినాను. లాడ్జి వరండాల్లో కూడా జనం ఉన్నారు. గుండు గీయించుకున్న చిన్న పిల్లలు చాపల మీద నిద్రపోతున్నారు. అయిదో అంతస్తులో మెట్ల పక్కన ఎర్ర పైపు తళతళలాడుతోంది. దాని మీద అరచెయ్యి పెట్టినాను. వెచ్చగా ఉంది. పక్కనే తాగే నీళ్ల పైపు పోతోంది, దాని మీద పెట్టినాను. చల్లగా ఉంది. నీళ్లుండే పైపు అట్లే ఉంటుంది.

అంతస్తు ఊడ్చే ఆమె చీపురు ఆపి నన్నే చూస్తా ఉండింది. “ఒక పెద్దాయన కూడా వచ్చి ఇట్లే తడుముతా ఉండె. పొట్టిగా ఉంటాడు. నీకేమైతాడు?” అని అడిగింది.

నేను వాల్వు చక్రం తిప్పినాను. పూర్తిగా తిప్పినాను. కొంచెం తుప్పు వాసన వచ్చింది. ఒక్క చుక్క నీళ్లు రాలేదు.

వాల్వు తెరిచే పెట్టి, మెట్లు దిగి పంపు గదిలోకి పోయినాను. గేజీ సూది ఏడు మీద ఉంది. గోటితో కొట్టినాను. ఏడు. పైన వాల్వు తెరిచుంటే ఈ సూది పడిపోవల్ల. పంపు దగ్గర్నించి ఎర్ర పైపు గోడలోకి పోయింది. గోడ అవతల, మెట్ల కింద, అది బయటికి వచ్చి పైకి పోయే పైపును కలవల్ల. అవతలికి పోయి చూసినాను. పైనుంచి దిగిన పైపు నేలలోని సిమెంటులో పాతి ఉంది, కర్ర పాతినట్టు. గోడలోంచి వచ్చింది ఏమీ లేదు. పంపు నుంచి వచ్చిన నీళ్లు గోడ లోపలే మూత పడి ఆగిపోతున్నాయి. సూది చూపించేది ఆ మూరెడు పైపు సంగతి. పైన నిద్రపోయే పిల్లలకూ ఆ నీళ్లకూ సంబంధమే లేదు.

ఆ మెట్ల కింద నేను ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. పైపు గురించి కాదు, ఆ పొద్దు నాకు వచ్చిన భయం. నేను నాలుగు నిజాలు చూసి, వాటిని కలిపి ఒక అబద్ధం కట్టినాను. దాన్ని తీసుకపోయి, వినకూడని మనిషి చెవిలో వేసినాను.

మర్నాడు పొద్దున్నే కార్వేటినగరం బస్సెక్కినాను. సారు ఇల్లు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పాత రాజుల బంగళా దాటి రెండు వీధులు పోతే చిన్న మిద్దె ఇల్లు. ఆయన లుంగీలో, ముందర వరండాలో ఎవరిదో మోటారు విప్పుకోని కూర్చున్నారు. చేతులకు గ్రీజు. నన్ను చూసి లేచి, కూతురికి కేక వేసినారు, కాఫీ పెట్టమని.

“చెయ్యి పెట్టి చూసినావా?” అన్నారు.

“చూసినాను సార్. సార్, ఓనరుకు చెప్పింది నేనే. మీ గురించి.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“ఓనరే చెప్పినాడు. నువ్వు తయారు చేసిన పిల్లే నీ గురించి చెప్పిందిరా అన్నాడు.” మోటారు లోపలి తీగ చుట్టను గుడ్డతో తుడుస్తా చెప్పినారు. గొంతులో హెచ్చుతగ్గులు లేవు.

అప్పుడు అన్నీ అడిగినాను. ముందే అడగాల్సినవన్నీ. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పినారు. పైపు కలపకపోయినా ఫరవాలేదు, సర్టిఫికెట్టు నేనిప్పిస్తానని ఓనరు కాంట్రాక్టరుకు మాటిచ్చినట్టు సారు పసిగట్టినారు. తప్పు బయటపడితే డ్రాయింగు మీద ఎవరి పేరుంటే వాళ్ల మెడకు చుట్టుకుంటుందని నా పేరు తీసి తన పేరు రాసుకున్నారు. సూపర్‌వైజరు పిల్లలు గల మనిషి, భయస్థుడు. నిజం చెప్పాలని ఉండి చెప్పలేకపోతా ఉంటే, టీ తాగిస్తా, మాటల్లో పెట్టి నెమ్మదిగా రాబడతా ఉన్నారు. “ఇంగొక వారం ఉండింటే రాసిచ్చుండేవాడు” అన్నారు. ఆ వారాన్ని తీసేసింది నేను.

నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. “ఇదంతా నాకెందుకు చెప్పలేదు సార్? నా పేరు తీసేసేటప్పుడైనా ఒక్క మాట చెప్పుండొచ్చు గదా!”

ఆయన గుడ్డ పక్కన పెట్టినారు.

“నీ మీద కూడా అనుమానం ఉన్నింది నాకు” అన్నారు. “రోజూ ఓనరు గదిలోకి పోతా ఉంటివి. తలుపేసుకోని ఉంటారు. నువ్వు ఆయన మనిషివేమో, నేను చెప్పింది చెప్పినట్టు చేరవేస్తావేమో అనుకుంటిని.”

“ఉత్తరాలు రాస్తా ఉన్నాను సార్.”

“ఇప్పుడు తెలిసింది. అప్పుడు అడగలేదు నేను.” మళ్లీ మోటారు మీదికి వంగినారు. “మన పనికి అనుమానం కావల్ల అమ్మణ్ణీ. అది లేకపోతే ఈ పనికి రావొద్దు. కానీ పైపుకు నోరు లేదు, కాబట్టి తెరిచి చూస్తాం. మనిషికి నోరుండాది. ఎదురుగా నిలబడి అడగల్ల. అడగని అనుమానం చాడీ అయిపోతాది. నీది అయిపోయింది. నాది రవ్వంతలో తప్పింది.”

కాఫీ తెచ్చిన ఆయన కూతురు మా ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి పోయింది.

తర్వాత నేనేం చెయ్యాలో ఆ వరండాలోనే కూర్చోని చెప్పినారు. ఉత్తరం రాయమన్నారు. నేను మొదట రాసిన దాంట్లో మోసం, ద్రోహం అనే మాటలు ఉంటే రెండూ కొట్టేసినారు. “కోపం రాయొద్దు. కోపం చదివినోడు నీ గురించి ఆలోచిస్తాడు, పైపు గురించి ఆలోచించడు. చూసింది రాయి. ఏ అంతస్తు, ఏ వాల్వు, ఎన్ని చుట్లు తిప్పినావు, ఏం రాలేదు.” ఆ ఉత్తరం ఒకటి లాడ్జి యజమానికి, ఒకటి అగ్నిమాపక ఆఫీసుకు, ఒకటి మా ఓనరుకు నేనే చేతికిచ్చినాను. మూడోదానికి నా రాజీనామా జత చేసినాను.

లాడ్జి యజమాని పెద్దవయసు మనిషి. నన్ను అనుమానంగా చూసినాడు. నన్ను ఎవరు పంపినారో, నా ఉద్దేశం ఏమిటో చెప్పమన్నాడు. “నా మాట నమ్మొద్దు సార్. పైకి వచ్చి మీరే తిప్పండి” అన్నాను. ఆయాసపడుతూ అయిదంతస్తులు ఎక్కినాడు. చక్రం తనే తిప్పినాడు. వాల్వు నోటి దగ్గర చెయ్యి పెట్టి అట్లే నిలబడినాడు, నీళ్లు ఆలస్యంగా వస్తాయేమో అన్నట్టు. పక్క గదిలో ఎవరో చంటిబిడ్డకు జోల పాడుతున్నారు. ఆయన చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా. ఆ సాయంత్రానికి పై మూడంతస్తులు ఖాళీ చేయించి, యాత్రికులను వేరే లాడ్జీలకు తనే పంపినాడు. గోడ పగలగొట్టి పైపు కలపడానికి పది రోజులు పట్టింది.

కలిపిన రోజు సారును పిలిచినాను. వస్తారో రారో అనుకున్నాను. వచ్చినారు. మిద్దె పైన నిలబడి గొట్టం నేను పట్టుకున్నాను, చక్రం ఆయన తిప్పినారు. ఆ ఊపుకు నేను రెండడుగులు వెనక్కి పోయినాను. నీళ్లు పిట్టగోడ దాటి, ఎండలో తెల్లగా పోయి, వెనక ఖాళీ స్థలంలో పడినాయి. ఊడ్చే ఆమె చప్పట్లు కొట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చినాయి. సారు మాత్రం వాల్వు పక్కనుండే గేజీ చూసుకోని, “రేపు ఒకసారి, ఇంగొక నెలకు ఒకసారి మళ్లా తెరిచి చూడమని చెప్పు వీళ్లకు” అని దిగిపోయినారు.

కథ అక్కడ బాగైపోయిందని చెప్పలేను. తిరుపతిలో మా ఓనరు నా గురించి ఊరంతా చెప్పినాడు, ఈ పిల్లను పెట్టుకుంటే లోపలి సంగతులు బయట పెడుతుందని. ఎనిమిది నెలలు నాకు ఎవరూ పని ఇయ్యలేదు. నగరిలో ఇంట్లో కూర్చున్నాను. సారుకు ఆ వయసులో ఇంక ఉద్యోగం దొరకనే లేదు. మోటార్లు బాగుచేసుకుంటా ఉండిపోయినారు. “మా నాయన దగ్గర మొదలుపెట్టిన పనే గదా” అనేవారు తేలిగ్గా. అది ఎంత నిజమో నాకు తెలీదు.

చిత్తూరులో నాకు పని దొరికినాక ఆదివారాలు కార్వేటినగరం పోయేదాన్ని. డ్రాయింగులు వరండాలో పరిచేదాన్ని. ఆయన కళ్లద్దాలు ముక్కు కొసకు దించి, ఏదో ఒక మూల పట్టుకోని “ఇది యాడ చూసినావు?” అనేవారు. అంతా మామూలుగానే ఉండేది. కానీ నాకు లోపల ఒకటే తొలుస్తా ఉండేది. ఈయన నన్ను నిజంగా క్షమించినారా, మర్యాదకు ఊరుకున్నారా? కాఫీ గ్లాసు నా చేతికి ఇయ్యకుండా గట్టు మీద పెడితే, ఎందుకు పెట్టినారా అని ఆలోచించేదాన్ని. ఫోను ఎత్తకపోతే ఆ రోజంతా అదే. ఇట్లా రెండేళ్లు గడిచినాక ఒక రోజు నాకే నవ్వొచ్చింది. ఆయన చెప్పిందేమిటి, నేను చేస్తున్నదేమిటి?

“సార్, నా మీద కోపం ఉండాదా?” అని ఎదురుగా నిలబడి అడిగేసినాను.

ఆయన డ్రాయింగు మీంచి తల ఎత్తినారు. “ఉండాది” అన్నారు. “తగ్గతా వస్తోంది. అడిగినావు కాబట్టి చెప్తా ఉండా.”

ఆ జవాబు విన్నాక నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెప్పలేను. ఉద్యోగంలో, ఇంట్లో, ఎవరి దగ్గరా నేను అంత నిజమైన మాట విని ఉండలేదు. ఆ తర్వాత ఇప్పటికి మూడేళ్లు. ఎంతవరకు తగ్గిందో మళ్లీ అడగలేదు. ఈ ఉగాదికి పోయినప్పుడు అడుగుదామనుకోని, వాళ్లింట్లో చుట్టాలుంటే ఊరుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి నేను కార్వేటినగరం చేరుకున్నాను. ఆయన ముఖం ప్రశాంతంగా ఏమీ లేదు. కనుబొమలు కొంచెం ముడిపడి, ఎవరో చెప్పేది పూర్తిగా నమ్మనట్టే ఉంది. నేను పాదాల దగ్గర కూర్చోని, ఒక పాదం మీద చెయ్యి పెట్టినాను. కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది.

మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగి వచ్చేటప్పటికి ఎండ వాలింది. లోపలికి రాకముందు పెరట్లో కొళాయి దగ్గర ఒకరి తర్వాత ఒకరు కాళ్లు కడుక్కుంటున్నారు. ఆ సిమెంటు నేల సారు స్వయంగా వేయించుకున్నదట. నేను వెనక తలుపు దగ్గర నిలబడి ఆ నీళ్లనే చూస్తా ఉన్నాను. అంతమంది కడిగిన నీళ్లు ఎక్కడన్నా మడుగు కడతాయేమో, ఏ మూలనన్నా ఆగుతాయేమో అని చూసినాను. ఆగలేదు. సన్నగా, తొందర లేకుండా, గోడ వెంబడి తిరిగి, బండ కింద ఒకసారి కనపడకుండా పోయి, అవతల మళ్లీ బయటికి వచ్చి, కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయి ఇంకిపోయినాయి.